దానంతట అదే మోగే పంపు

మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను. ఎలాగూ అమ్మాన్‌లోని మా కొండపేట జబల్ హుస్సేన్‌లో ఈ కథ నాకంటే ముందే వీధి వీధీ తిరిగేసింది. కూరగాయల కొట్టువాడు కూడా నన్ను చూడగానే "ఇంజనీరు గారూ, పంపు కులాసానా?" అని అడుగుతున్నాడు. అలాంటప్పుడు మీరూ అసలు సంగతి నా నోటితోనే వినండి. నలుగురి నోళ్ళలో పడి నా తెలివితక్కువతనం మరీ పెరిగిపోతోంది, ఉన్నది చాలు.

ముందే ఒక మాట. నేను ఇంజనీరును కాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు భూముల సర్వే ఆఫీసులో కూర్చుని పటాలు గీశాను. రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు గోడ గడియారం బహూకరించారు. ఇంటికి తెస్తే మా ఆవిడ ఇతిదాల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు మీకు టైముతో పనేముందండీ?" అంది. నవ్వుతూనే అంది. కానీ నాకు ఎక్కడో కలుక్కుమంది.

ఆ తర్వాత ఆర్నెల్లు ఇంట్లో నేను చేసిన పని ఒక్కటే, అడ్డం రావడం. వంటింట్లో నిలబడితే "కాస్త జరగండి", వరండాలో కూర్చుంటే "కాళ్ళు పైకెత్తండి, తుడవాలి". మా అమ్మాయి లుజైన్ బళ్ళో లెక్కలు చెబుతుంది. లెక్కల్లో నేనేమైనా సాయం చేయనా అని ఒకసారి అడిగాను. అది ఎంతో ప్రేమగా నా భుజం తట్టి, "పడుకోండి నాన్నా" అంది.

అప్పుడు కొన్నాను, ఎర్రటి టూల్ బాక్సు. మూడు అరలు, ఇత్తడి గొళ్ళెం, ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. అది చేతిలో ఉంటే నేను ఎవరికో కావాల్సినవాణ్ణి అనిపించేది. "ఏవండీ, ఇది కాస్త చూడండి, మీరు చూస్తే గానీ అవదు" అని ఇంట్లో ఎవరైనా ఒక్కసారి పిలిస్తే చాలనుకున్నాను. పెద్ద కోరికేం కాదు కదా.

ఎవరూ పిలవలేదు. దాంతో పిలవకుండానే బాగుచేయడం మొదలుపెట్టాను. కిర్రుమనే పడకగది తలుపు ఇప్పుడు కిర్రుమనదు, ఎందుకంటే మూతే పడదు. వంటింటి కుళాయి మూతి తీసేసి, చేత్తో నొక్కితే చిమ్మే గొట్టపు షవరు బిగించాను. దాంతో మా ఆవిడ మొదటి రోజు కప్పులు కడగబోయి కిటికీ కడిగింది.

అసలు కథకి వస్తాను. మాది నాలుగో అంతస్తు, చిట్టచివరిది. నీళ్ళ ట్యాంకులన్నీ డాబా మీదే, అంటే మా నెత్తి మీదే. కింది అంతస్తులకి నీళ్ళు దూకుతాయి, మాకు మాత్రం ముక్కు కారినట్టు కారతాయి. అందుకని డాబా మీద సోలార్ హీటరు నుంచి దిగే వేడినీళ్ళ గొట్టానికి ఓ చిన్న బూస్టర్ పంపు పెట్టించాం. వేడినీళ్ళ కుళాయి తిప్పితే గుర్రుమంటుంది, కట్టేస్తే ఊరుకుంటుంది. ఆరేళ్ళు బుద్ధిగా పనిచేసింది.

మొన్న జనవరిలో, ఎముకలు కొరికే చలిలో, అది దానంతట అదే మోగడం మొదలుపెట్టింది.

"ఏవండీ, పంపు మోగుతోంది."

"నువ్వేగా వేడినీళ్ళు తిప్పావు."

"నేనిక్కడ క్యాబేజీ ఆకుల్లో అన్నం చుడుతున్నాను. నాకేమైనా నాలుగు చేతులున్నాయా?"

"లుజైన్ అయ్యుంటుంది."

"లుజైన్ బళ్ళో ఉంది."

"మరయితే ఎవరు తిప్పినట్టు?"

"అదే కదండీ నేనడిగేది! పైగా వేడినీళ్ళు వేడిగా లేవు, చన్నీళ్ళు చల్లగా లేవు. ఏ కుళాయి తిప్పినా గోరువెచ్చగా వస్తున్నాయి. అబూ జర్రార్‌కి ఫోన్ చేస్తాను."

అబూ జర్రార్ మా వీధి ప్లంబరు. మంచివాడే, పనిమంతుడే. కానీ మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను బిగించినదేదో చూసి, మా ఆవిడ వైపు తిరిగి, "ఇది ఎవరు బిగించారమ్మా?" అని అడుగుతాడు. వాడికి తెలుసు. తెలిసే అడుగుతాడు.

"వాడెందుకు? నేను లేనా?" అన్నాను.

"ఉన్నారు కాబట్టే వాణ్ణి పిలుస్తానంటున్నా."

"ఒక్క వారం గడువివ్వు. పంపు సంగతి నేను తేలుస్తా."

మా ఆవిడ 'ఏవండీ' అంటే ఇంట్లో శాంతి ఉందని. 'అబూ లుజైన్', అదే 'లుజైన్ నాన్నా' అంటే పని ఉందని. అదే 'వజ్దీ' అని పేరు పెట్టి పిలిచిందంటే వాదన అయిపోయిందని అర్థం.

"ఒక్క వారమే, వజ్దీ. ఈలోగా ఇల్లు కూలకుండా ఉంటే అదే పదివేలు."

సరే, రంగంలోకి దిగాను. మామూలు ప్లంబర్లలా నేరుగా పానా పట్టుకోలేదు. ముందు సర్వే చేశాను. మా డాబా మీద ఎనిమిది ఇళ్ళ ట్యాంకులు, అన్నీ తెల్లవే, అన్నీ ఒకే సైజు. వాటి మధ్య గొట్టాలు ఎలా ఉంటాయంటే, పిల్లి ఆడుకుని వదిలేసిన నూలుండలా ఉంటాయి. రెండు రోజులు చలిలో కూర్చుని మొత్తం పటం గీశాను. వేడినీళ్ళు ఎరుపు, చన్నీళ్ళు నీలం, పక్కవాళ్ళవి ఆకుపచ్చ. కొలత రాశాను, గుర్తుల పట్టిక వేశాను, మూలన ఉత్తర దిక్కు బాణం గీశాను. ఆ బాణం చూస్తే ముద్దొచ్చేది.

మా ఆవిడ చూసి, "పాతికేళ్ళలో నా మొహం ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అంది.

"నీ మొహానికి వాల్వులు లేవు కదా."

"ఉంటే ఎప్పుడో కట్టేసుకునేదాన్ని, మిమ్మల్ని చూడకుండా."

పటం చూసి ఆలోచిస్తే సిద్ధాంతం దొరికింది. మాకు మంగళవారం నీళ్ళ రోజు. వారానికి ఆ ఒక్కరోజే ప్రభుత్వం నీళ్ళు వదులుతుంది. ఆ రోజు ట్యాంకు నిండితే మళ్ళీ మంగళవారం దాకా అవే నీళ్ళు. ఆ రోజున వీధిలో ప్రతి ఇంట్లోనూ బట్టల మెషీన్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉంటాయి. పంపు మొదటిసారి దానంతట అది మోగింది కూడా మంగళవారమే. కాబట్టి ట్యాంకులోకి దూకే నీళ్ళ తోపుడే కారణం. ఆ తర్వాత బుధవారం, గురువారం కూడా మోగిందిగా అని మీరు అడుగుతారు. మా ఆవిడా అడిగింది. "అది మిగిలిన తోపుడు" అని చెప్పాను.

పరీక్ష ఏమిటంటే, ఈ మంగళవారం మా ట్యాంకులోకి వచ్చే గొట్టం వాల్వు మూసేయాలి. పంపు మోగకపోతే నేను గెలిచినట్టు. మధ్యాహ్నం మళ్ళీ తెరిచేస్తే సాయంత్రానికి ట్యాంకు నిండుతుంది.

తెల్లారగానే డాబా ఎక్కాను. ఈదురుగాలి చెవులు కోసేస్తోంది. ట్యాంకుల చాటున నక్కి, పటం తెరిచి, అక్కడ వరసగా ఉన్న ఎనిమిది వాల్వుల్లో మాది వెతికి మూసేశాను. ఎవరైనా తెలియక తిప్పేస్తారేమోనని ఓ అట్టముక్క మీద నా ముత్యాల్లాంటి అక్షరాలతో "తెరవరాదు. పరీక్ష జరుగుతున్నది. ఇట్లు, వజ్దీ" అని రాసి, తేదీ వేసి, తీగతో కట్టాను.

ఆ రోజంతా పంపు దానంతట అది నోరెత్తలేదు! పొద్దున లేదు, మధ్యాహ్నం లేదు. నేను హాల్లో ఈల వేసుకుంటూ తిరిగాను. మా ఆవిడ నన్ను చూసి అదోలా నవ్వి, అన్నంలో ఇంకో గరిటె పెరుగు పులుసు పోసింది. గెలిచినవాడికి మర్యాద ఇంతే మరి అనుకున్నాను.

మధ్యాహ్నం వాల్వు తెరుద్దామని వెళ్ళి మా ట్యాంకు మూత తీస్తే, అంచుదాకా నీళ్ళు! వాల్వు మూసి ఉంది, ట్యాంకు నిండి ఉంది. ఇది జరిగే పని కాదని ఎవరికైనా తోస్తుంది. నాకు మాత్రం, "ఆహా, మా ఇంట్లోవాళ్ళు ఎంత పొదుపుగా వాడుతున్నారు, పోయిన వారం నీళ్ళే ఇంకా ఉన్నాయి" అని తోచింది. నిండిన ట్యాంకుకి మళ్ళీ నీళ్ళెందుకు? వాల్వు అలాగే వదిలేసి దిగివచ్చాను.

బుధవారం పొద్దున్నే తలుపు దబదబ బాదుతున్నారు. తీస్తే కింది ఇంటి అబూ ముహన్నద్. నెత్తిమీద సబ్బు నురగ, గడ్డం నిండా నురగ, నడుముకి తువ్వాలు, భుజాల మీద చలికోటు. చేతిలో అట్టముక్క.

"అబూ లుజైన్, ఈ చేతిరాత ఎవరిది?"

ఆ నిమిషంలో కూడా నా నోటినుంచి వచ్చిన మాట చెబుతాను, నవ్వకండి. "బాగుంది కదా?" అన్నాను.

"బాగుంది. చాలా బాగుంది. ఇది మా వాల్వుకి వేలాడుతోంది. మా ట్యాంకులో నిన్న ఒక్క చుక్క పడలేదు. మా ఇంట్లో ఐదుగురం. మళ్ళీ నీళ్ళు వచ్చేది వచ్చే మంగళవారం. ఇంత చక్కగా మా కొంప ముంచినవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ లేరు."

పటం తెచ్చి చూశాను. గీసినప్పుడు మెట్ల తలుపు దగ్గర కూర్చుని గీశాను. మంగళవారం గాలికి భయపడి ట్యాంకుల వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. పటం మాత్రం అలాగే పట్టుకున్నాను. దాంతో కుడి ఎడమైంది, మాది వాళ్ళదైంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు దేశమంతటికీ ఉత్తరం చూపించిన మనిషిని, నా డాబా మీద నా పటాన్ని తలకిందులుగా పట్టుకున్నాను.

నీళ్ళ లారీని పిలుద్దామంటే ఆ మధ్యాహ్నమే మంచు పడింది. మా వీధి సంగతి మీకు తెలుసుగా, మామూలు రోజుల్లోనే ఎక్కేవాళ్ళకి ఆయాసం. "రోడ్డు కరిగాక రమ్మంటే వస్తా" అని లారీవాడు ఫోన్ పెట్టేశాడు.

మా ఆవిడ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "వాళ్ళ ఐదుగురూ మనింట్లోనే స్నానాలు చేస్తారు. వజ్దీ, తువ్వాళ్ళు తీయండి."

ఇక చూడండి సంబరం. పొద్దున లేస్తే మా వరండాలో వరస. అబూ ముహన్నద్, అతని భార్య, తల్లి, కూతురు, మందుల షాపులో పనిచేసే కొడుకు ముహన్నద్. అందరి చేతుల్లోనూ సబ్బు పెట్టెలు, మాట ఒక్కటే: "ఇంజనీరు గారూ, మా వంతు ఎప్పుడు?" నేను వంతుల పట్టీ గీసి గోడకి అంటించాను. ముసలావిడ దాన్ని చూసి, "నాయనా, దీన్ని సరిగ్గానే పట్టుకుని గీశావా?" అని అడిగింది. ఆమెకి ఎనభై రెండేళ్ళు.

ఒక్క వింత గమనించాను. ముహన్నద్ వంతు వచ్చిన పూటల్లా, జన్మలో టీ పెట్టని మా లుజైన్ టీ పెట్టేది.

శుక్రవారం పొద్దున. అబూ ముహన్నద్ స్నానాలగదిలో ఉన్నాడు. నలుగురి తర్వాత వంతు కాబట్టి వేడినీళ్ళు సన్నబడ్డాయి.

"ఇంజనీరు గారూ! కారడం లేదండీ, ఏడుస్తోంది!"

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఎవడి నీళ్ళు ఆపానో వాడికి కనీసం స్నానమైనా దర్జాగా జరగాలి. టూల్ బాక్సు ఎత్తుకుని డాబా మీదికి పరిగెత్తాను. పంపుకి పక్కన ఒక మర ఉంటుంది, దాన్ని బిగిస్తే నీళ్ళ జోరు పెరుగుతుంది. ఒక చుట్టు తిప్పాను. మెట్ల మీద నిలబడిన లుజైన్ అటు మాట ఇటు చేరవేస్తోంది.

"ఎలా ఉంది?"

"ఇంకొంచెం అంటున్నారు నాన్నా!"

ఇంకో చుట్టు.

"ఇప్పుడో?"

"బాగుందట! ఇంకొక్క పిసరు అంటున్నారు!"

ఆ పిసరు నేను తిప్పకుండా ఉండాల్సింది. కింద ఢామ్మని మోత. తర్వాత నాకు చెప్పినదాన్ని బట్టి, షవరు గొట్టం గోడనుంచి ఊడి, గాల్లో గిరగిరా తిరిగి, బల్బు పగలగొట్టి, అద్దం మీద పడి, చివరికి అబూ ముహన్నద్ వెంటపడింది. అతను చేతికందిన స్నానాలగది తెరని రింగులతో సహా పీకి చుట్టుకుని హాల్లోకి దూకాడు.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ మేనమామ హాజీ షుక్రీ గారు, మమ్మల్ని భోజనానికి తీసుకెళ్దామని గుమ్మంలో అడుగు పెట్టారు. ఆయన ఊరి పెద్ద. పెళ్ళి సంబంధాలు అడగడానికి, తగాదాలు తీర్చడానికి ముందు నడిచే మనిషి. తెర చుట్టుకుని సబ్బు కారుతున్న అబూ ముహన్నద్‌ని నఖశిఖపర్యంతం చూసి, ఎంతో మర్యాదగా సలాం చెప్పి, "నేను కాసేపాగి రానా?" అన్నారు.

"వాల్వు కట్టేయండీ!" అని మా ఆవిడ కిందినుంచి అరిచింది. నేను కట్టేశాను. ఆవిడ మళ్ళీ అరిచింది. నేను ఇంకోటి కట్టేశాను. మూడోది దొరికేసరికి మా ట్యాంకు అడుగంటింది. ఇప్పుడు రెండిళ్ళకీ నీళ్ళు లేవు. మంగళవారం ఇంకా నాలుగు రోజులు.

తల వంచుకుని కిందికి దిగాను. హాల్లో చీలమండల దాకా నీళ్ళు. అందరూ నిలబడి ఉన్నారు.

"పోనీలే" అన్నాను. "పంపు దానంతట అది మోగే జబ్బయితే నయం చేశాను కదా."

మా ఆవిడ చీపురు గోడకి ఆనించింది.

"వజ్దీ, పంపుకి ఏ జబ్బూ లేదు. మీరు వంటింట్లో పెట్టిన షవరుదే జబ్బు. దాని నొక్కు వదిలేస్తే నీళ్ళు ఆగుతాయి, మనం కుళాయి కట్టేశామనుకుంటాం. కట్టేయలేదు. వేడిదీ చల్లదీ రెండు పిడులూ తెరిచే ఉంటాయి. పంపు తోసిన వేడినీళ్ళు బయటికి పోలేక చన్నీళ్ళ గొట్టంలో దూరి, తిరిగి పై ట్యాంకులోకే పోతున్నాయి. అందుకే పంపు మోగుతోంది, అందుకే అన్నీ గోరువెచ్చన. సోమవారం అబూ జర్రార్‌ని ఫోన్లోనే అడిగాను. 'పిడులు కట్టేయమ్మా' అన్నాడు. మంగళవారం లేవగానే కట్టేశాను. అంతే."

"మరి ఆ రోజే నాకు చెప్పొచ్చుగా?" అన్నాను.

ఆవిడ గొంతు తగ్గింది. "ఎలా చెప్పనండీ? మీరు ఈల వేసుకుంటూ తిరుగుతున్నారు. రిటైరయ్యాక మొదటిసారి. రెండు రోజులు అలా ఉంటే ఏం పోయిందిలే అనుకున్నాను. కింది వాళ్ళ వాల్వు మూసి వచ్చారని నాకేం తెలుసు?"

నాకు సిగ్గేసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తుడుపుగుడ్డ అందుకుని వంగాను. ఎవరూ నన్ను కాళ్ళు ఎత్తమనలేదు.

శనివారం మంచు కరిగి నీళ్ళ లారీ వచ్చింది. అబూ జర్రార్ వచ్చి పంపు మర సరిచేసి, ఊడిన గొట్టం బిగించాడు. "ఇది ఎవరు..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. వాడు ఆపేసినందుకు నాకింకా బాధేసింది.

తర్వాతి గురువారం మధ్యాహ్నం మా ఆవిడ నా నల్ల సూటు ఇస్త్రీ చేస్తూ కనబడింది.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. సాయంత్రం మామయ్య పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు. అబూ ముహన్నద్ వాళ్ళూ ఉంటారు. ఏదో అడగడానికి."

పెద్దమనుషులు బృందంగా ఇంటికొచ్చి అడగడమంటే, పెళ్ళీడు పిల్ల ఉన్న ఇంట్లో ఇంకేం అడుగుతారు? ముహన్నద్! ఆ టీలు! ఒక ట్యాంకు నీళ్ళు పోగొట్టి అల్లుణ్ణి సంపాదించానన్నమాట.

లుజైన్ గదిలోకి వెళ్ళాను. "తల్లీ, సాయంత్రం వస్తున్నవాళ్ళ సంగతి నీకు తెలుసా? నీకు సమ్మతమేనా?"

అది పెదవి కొరుక్కుని, "మీరు ఒప్పుకుంటే ఇంట్లో నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు నాన్నా" అని, మొహం పుస్తకంలో దాచుకుంది. సిగ్గు కాబోలనుకుని బయటికొచ్చి కళ్ళు తుడుచుకున్నాను.

తొమ్మండుగురు వచ్చారు. హాజీ గారు మధ్యలో, ఆయన కుడి పక్కన అబూ ముహన్నద్, ఈసారి బట్టలతో. చివర్న అబూ జర్రార్ కూడా మెడకి టై కట్టుకుని కూర్చున్నాడు. ప్లంబరెందుకా అనుకున్నాను గానీ ఆ ఆనందంలో పట్టించుకోలేదు. కాఫీ వచ్చింది. హాజీ గారు కప్పు అందుకుని, తాగకుండా ఎదురుగా బల్ల మీద పెట్టారు. వెంటనే మిగతా ఎనిమిది కప్పులూ బల్ల ఎక్కాయి. అడిగింది ఇస్తామని ఇంటి యజమాని అనేదాకా ఇక వాటిని ముట్టరు.

"అబూ లుజైన్" అన్నారు హాజీ గారు గంభీరంగా. "మీ ఇంట్లో ఉన్న ఒకదాన్ని కోరి వచ్చాం. కాదనరనే నమ్మకంతో వచ్చాం."

నేను రాసిపెట్టుకున్న ఉపన్యాసం జేబులోనే ఉంది. కానీ దాన్ని తీసేంత ఓపిక లేకపోయింది. అంతమంది పెద్దవాళ్ళు నా మాట కోసం చూస్తున్నారు. ఉదారంగా ఉండాలనిపించింది. అడిగిందాకా ఆగడం కూడా పిసినారితనంలా తోచింది.

"కాఫీ తాగండి హాజీ గారూ! ఏం కోరి వచ్చారో అది ఇచ్చేశాను. ఇక మాట లేదు!"

తొమ్మిది కప్పులూ ఒక్క గుక్కలో ఖాళీ అయ్యాయి. అంత తొందరగా కాఫీ తాగినవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు.

"దేవుడు మీ ఇల్లు చల్లగా చూడాలి" అన్నారు హాజీ గారు మీసం తుడుచుకుంటూ. "మేం కోరి వచ్చింది మీ టూల్ బాక్సుని."

తలుపు వెనక లుజైన్ కిసుక్కున నవ్వడం వినబడింది.

"ఏ... ఏ బాక్సు?"

"ఎర్రది. మూడు అరలది. ఇవాళ్టినుంచి అది అబూ ముహన్నద్ ఇంట్లో ఉంటుంది. దాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంటారు."

"కోడలిలా చూసుకుంటాం" అన్నాడు అబూ ముహన్నద్, గుండె మీద చేయి వేసుకుని.

వంటింటి తలుపు వైపు చూశాను. సందులోంచి మా ఆవిడ కళ్ళు కనబడ్డాయి. ఆ కళ్ళు చూశాక ఈ పన్నాగం ఎవరిదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తొమ్మండుగురు పెద్దవాళ్ళ ముందు, కాఫీ తాగించి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మగవాడు అమ్మాన్‌లో ఇంకా పుట్టలేదు.

అయినా పిల్లనిచ్చేవాడికి కొన్ని షరతులు పెట్టే హక్కుంటుంది కదా. గొంతు సవరించుకున్నాను.

"సరే. ఇచ్చాను. కానీ ఒక షరతు. ఈ బిల్డింగులో ఎక్కడ మరమ్మతు జరిగినా నన్ను పిలవాలి. ఊరికే చూస్తాను."

తొమ్మండుగురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. అబూ జర్రార్ మొహం పాలిపోయింది. చివరికి హాజీ గారు తలెత్తారు.

"ఒప్పుకున్నాం. పిలుస్తాం, కుర్చీ వేస్తాం, కాఫీ ఇస్తాం. చేతులు మాత్రం వెనక్కి కట్టుకోవాలి."

తలుపు వెనకనించి మా ఆవిడ గొంతు వినిపించింది. "నోరు కూడా, మామయ్యా!"

బాక్సుని నేనే మోసుకొచ్చి అబూ ముహన్నద్ చేతిలో పెట్టాను. అతను మెట్లు దిగుతుంటే ఆడవాళ్ళు నాలుక తిప్పి, పెళ్ళిలో వేసినట్టే కేకలు వేశారు. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. కానీ నిజం చెప్పాలంటే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోతున్నది ఇనుప పెట్టె కాదు, నాకు ఈ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పని.

ఇక్కడితో అయిపోయిందనుకోకండి. ఏప్రిల్‌లో హాజీ గారు మళ్ళీ వచ్చారు. అదే తొమ్మండుగురు, ఈసారి వాళ్ళ వెనక ముహన్నద్, అవే కుర్చీలు. కాఫీ కప్పు తీసి బల్ల మీద పెట్టారు. "మీ ఇంట్లో ఉన్న ఒకరిని కోరి వచ్చాం" అన్నారు.

ఈసారి నేను అంత తేలిగ్గా దొరుకుతానా?

"ముందు పేరు చెప్పండి హాజీ గారూ. మనిషా, వస్తువా? వస్తువయితే ఎన్ని అరలు?"

హాలంతా గొల్లుమంది. హాజీ గారు కూడా కళ్ళు తుడుచుకుని, "మనిషే. మీ అమ్మాయి లుజైన్‌ని మా ముహన్నద్‌కి అడుగుతున్నాం" అన్నారు.

ముహన్నద్ తల దించుకుని మోకాళ్ళు చూసుకుంటున్నాడు. బల్ల మీద కప్పులు పొగలు కక్కుతున్నాయి. వంటింట్లో రెండిళ్ళ ఆడవాళ్ళూ అప్పటికే మిఠాయి పళ్ళెం సగం ఖాళీ చేశారని చప్పుడు బట్టి తెలుస్తూనే ఉంది. అంటే లోపల అన్నీ ఖాయమైపోయాయి. నన్నెవరూ అడగలేదు. అయినా ఆ ఒక్క మాట వాళ్ళెవరూ అనలేరు. మా ఆవిడ అనలేదు, హాజీ గారు అనలేరు. నేను కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలు వేసుకుని, గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాను.

నిమిషం గడిచింది. అబూ జర్రార్ దగ్గాడు. ఇంకో నిమిషం గడిచింది.

తలుపు కిర్రుమని తెరుచుకుంది.

"ఏవండీ! కాఫీ చల్లారిపోతోంది, చెప్పండీ! మీరు చెబితే గానీ అవదు."

ఆవిడ చేత ఆ మాట ఇంకొక్కసారి అనిపించుకుందామని కొంచెం సేపు ఆగాను. అంది. అప్పుడు చెప్పాను, తాగమని.